డోర్సీ వంతు

ఆ ఏడు మార్చిలో దుంగలు కట్టిన గొలుసు తెగి డోర్సీ ఎడంచెయ్యి నలిగాక, మా ఇంట్లో మాండొలిన్ తనంతట తానే పలకడం మొదలుపెట్టింది. నాకేం మతి పోలేదు. కింద రోడ్డు మీద దుంగల లారీ వెళ్ళినప్పుడల్లా మా చెక్కగోడలు అదిరేవి. వంటింటి గుమ్మం పైన మేకుకి వేలాడే మాండొలిన్ తీగలు సన్నగా ఝుమ్మనేవి. బల్ల దగ్గర రొట్టె తుంచుకుంటున్న డోర్సీ ఆగి పైకి చూసేవాడు. లారీ మలుపు తిరిగి ఆ చప్పుడు సద్దుమణిగాక, తల దించుకుని మజ్జిగ తాగేవాడు. పూటకి మా ఇంట్లో వినబడేది అంతే.

డాక్టరు మంచివాడే. బొటనవేలూ చూపుడువేలూ దక్కాయి, మిగతా మూడూ ఇక వంగవు, అయినా పార పట్టుకోవచ్చు, గొడ్డలి పట్టుకోవచ్చు, అదృష్టవంతుడివి అన్నాడు. మాండొలిన్ సంగతి ఆయన అడగలేదు, డోర్సీ చెప్పలేదు. ఆసుపత్రి మెట్లు దిగుతూనే ఆ చేతిని జేబులో పెట్టేశాడు. ఇక అది అక్కడే. తింటుంటే జేబులో, చర్చిలో జేబులో, పడుకుంటే దిండు కింద. మా కాపురంలో నిద్రలో ఆ చెయ్యి నా భుజం మీద వాలకుండా తెల్లారిన రోజు లేదు. అలాంటిది ఆ వసంతమంతా మా ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత జాగా ఉండేది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారే అనేది. ఆ ఇంట్లో నాకే నోరు పెగలడం మానేసింది.

శుక్రవారం సాయంత్రాలు మా బావగారి షెడ్డులో అందరూ చేరతారు. బావగారంటే డోర్సీ అన్న క్లెల్, గిటారు వాయిస్తూ పాడేది ఆయనే. ఆయన భార్య నోవా తన కంటే ఎత్తున్న బేస్ ఫిడేలు పట్టుకుని నిలబడుతుంది. బాంజో విక్ బాబాయిది. మాండొలిన్ డోర్సీది, అతనికి ముందు వాళ్ళ నాన్నది. పాట నడుస్తుంటే ఒక్కొక్కరూ వంతు తీసుకుంటారు. వంతు వచ్చినవాడు ముందుకొచ్చి ట్యూన్ మొత్తం ఒక చుట్టు వాయిస్తే, మిగిలినవాళ్ళు వెనక తాళం నిలబెడతారు. అయ్యాక తల ఊపి పక్కవాడికి అందిస్తాడు.

మా లోయలో ఇంకో పద్ధతుంది. వాయించేవాడు మంచాన పడినా మట్టిలో కలిసినా, అతని వంతు వెంటనే ఎవరికీ ఇవ్వరు. అది వచ్చినప్పుడు అందరూ ఉత్త తాళం వాయిస్తారు, ట్యూన్ ఎవరూ ఎత్తుకోరు. ఒక చుట్టు అలా ఖాళీగా తిరిగాక పాట ముందుకి సాగుతుంది. ఆగస్టు చివర, చర్చి ముంగిట ఊరంతా కలిసే పండగ దాకా అంతే. ఆ పండగ రోజు ఆ వంతు ఎవరు అందుకుంటే, ఇక అది వాళ్ళదే.

మర్యాదగల పద్ధతే గానీ, వినడం కష్టం. ఏప్రిల్లో ఒక్కసారి వెళ్ళాను, డోర్సీ రానంటే నేనొక్కదాన్నే. డోర్సీ వంతు రాగానే నోవా బేస్ మాత్రం గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటూ ఉండిపోయింది. క్లెల్ కాళ్ళకేసి చూసుకుంటూ గిటారు మీటాడు. నేను బయటికొచ్చి డీజిలు పీపా పక్కన నిలబడి ముక్కు చీదుకుని ఇంటికొచ్చేశాను. ఎలా జరిగిందని డోర్సీ అడగలేదు.

జూన్ మొదట్లో నోవా చిక్కుళ్ళ బుట్ట పట్టుకుని మా అరుగు మీదికొచ్చింది. ఇద్దరం కూర్చుని ఈనెలు తీసి, ఎండబెట్టడానికి దారానికి గుచ్చుతున్నాం. తల ఎత్తకుండా చెప్పింది. మిల్లు ఊళ్ళో లైల్ అని ఒక కుర్రాడున్నాడట, మాండొలిన్ మీద వాడి వేళ్ళు వాన కురిసినట్టు పడతాయట. పండగకి రమ్మని క్లెల్ కబురు పెట్టాడట.

"ఏమనుకోకు ఒలీటా. డోర్సీని నాలుగుసార్లు పిలిచాం. ఎన్నాళ్ళని ఖాళీగా తిప్పుతాం చెప్పు?"

నేనేమీ అనుకోలేదని చెప్పాను. అబద్ధం. నా కళ్ళకి కట్టినట్టు కనబడింది: వంతు లైల్‌కి వెళ్ళిపోతుంది, డోర్సీ ఇక ఈ జన్మలో ఆ షెడ్డు గడప తొక్కడు, మా వంటింట్లో కూర్చుని లారీ వెళ్ళినప్పుడల్లా పైకి చూస్తూ ముసలివాడైపోతాడు. అతనితోపాటు నేనూ. నోవా వెళ్ళగానే పీట వేసుకుని ఎక్కి, మేకుకున్న మాండొలిన్ దించాను. అది డోర్సీ ఎత్తుకి కొట్టిన మేకు. పీట మీద మునివేళ్ళ మీద నిలబడితే గానీ నాకందలేదు.

పంది మాంసం పొగబెట్టే కొట్టు మా ఇంటి వెనక ఉంది. వేసవిలో ఖాళీ. లోపల ఉప్పూ పాత పొగా కలిసిన వాసన, పలకల సందుల్లోంచి ఎండ చారలు. అక్కడ తలుపేసుకుని మొదలుపెట్టాను. ఇన్నేళ్ళు విన్న చెవులున్నాయి కదా, వేళ్ళు వాటంతట అవే వస్తాయనుకున్నాను. ఎంత పొగరు నాకు. ఎనిమిది తీగలు, జంటజంటలుగా. వేలు ఒక తీగని నొక్కితే దాని జంట జారిపోయేది. రెండూ నొక్కితే చర్మం తెగేది. రోజు పని అయ్యాక అంట్లు తోముతుంటే సబ్బునీళ్ళు వేలికొసల్లో మండేవి. ఆ మంట మాత్రం ఎందుకో నాకు బాగుండేది. చాలాకాలానికి మా ఇంట్లో ఒకటి మొదలైంది అనిపించేది.

నేర్చుకుందామనుకున్న ట్యూన్ 'ఉడతల వాగు'. డోర్సీ వాళ్ళ నాయనమ్మ కట్టింది, మాటలు లేవు, రెండు పాదాలంతే. కింద పాదం వాగు పక్కన నడుస్తున్నట్టు ఉంటుంది. పై పాదం ఒక్కసారిగా కొండెక్కుతుంది, అక్కడ చిటికెనవేలు బాగా సాగాలి. నాది సాగేది కాదు. పొగాకు చేనుకి వెళ్తూ వస్తూ డోర్సీ ఆ కొట్టు పక్కనుంచే నడిచేవాడు. అడుగుల చప్పుడు ఒక్క క్షణం ఆగేది, మళ్ళీ సాగేది. కోళ్ళు మాత్రం కొట్టు దరిదాపులకి రావడం మానేశాయి.

ఒక వానసాయంత్రం తలుపు తెరుచుకుంది. గుమ్మంలో డోర్సీ, టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఒలీటా," అన్నాడు, "ఆ పిట్టని చంపెయ్యనైనా చంపెయ్యి, వదిలెయ్యనైనా వదిలెయ్యి."

మార్చి తర్వాత అతని నోట విన్న మొదటి వేళాకోళం అది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ మింగి చేతనైతే చూపించమన్నాను. వేలు తీగల కింది ఇత్తడి మెట్టు మీద పెడుతున్నావు, మెట్టు వెనకాల ఆనించి పెట్టాలి అన్నాడు. ఎలాగో చూపించబోయి ఎడంచెయ్యి జేబులోంచి సగం తీశాడు. అక్కడే ఆపి మళ్ళీ లోపలికి తోశాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. ఉప్పు పీపా నా వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. కుడిచెయ్యి నా చుట్టూ ముందుకు చాచి, నా వేళ్ళలోంచి మీటే బిళ్ళ తీసుకున్నాడు.

"నువ్వు ఎడంచెయ్యి చూసుకో. ఇది నేను చూసుకుంటా."

ఒకే మాండొలిన్, నా ఎడంచెయ్యి, అతని కుడిచెయ్యి. చిన్నప్పుడు పిల్లలు అరుగు మీద ఆటగా చేసే పని అది. ఆటగా చెయ్యడం వేరు. నేను మెట్టు వెనకాల వేలు పెట్టేసరికి అతని బిళ్ళ అప్పటికే తీగ దాటిపోయేది. నేను తొందరపడితే అతను ఆగేవాడు. ఆ సాయంత్రం మేం వాయించింది వింటే మా అత్తగారు సమాధిలోంచి లేచి వచ్చేదే. కానీ అతని గడ్డం నా భుజం మీదుగా ముందుకి వంగి ఉంది. అతని చొక్కా తడిసి పొగాకాకు వాసన వేస్తోంది. ఇన్ని నెలల తర్వాత మా ఆయన నాకు అంత దగ్గరగా కూర్చున్నాడు. పాడు ట్యూన్ వస్తే ఎంత, రాకపోతే ఎంత అనుకున్నాను.

ఆ తర్వాత రోజులన్నీ నాకు కలలోలా గుర్తు. ఏది ముందో ఏది వెనకో చెప్పలేను. పగలు పొగాకు కలుపు తీసేవాళ్ళం, పొద్దు వాలేసరికి పొగకొట్టు గుమ్మంలో కూర్చునేవాళ్ళం. వాగు మీంచి మంచు లేచి చేలోకి నడిచొచ్చేది. ఆకుల మధ్యనుంచి మిణుగురులు ఒక్కొక్కటే పైకి తేలేవి. మొదట మెల్లగా, ముసలమ్మ మెట్లెక్కినంత మెల్లగా వాయించమనేవాడు. మెల్లగా రానిది గబగబా వస్తుందనుకోవడం వట్టి భ్రమ అనేవాడు. అతని కుడి మణికట్టు తడిచెయ్యి విదిలించినట్టు ఆడేది. కిందికీ పైకీ, కిందికీ పైకీ, ఎక్కడా బిగపట్టకుండా. నేను ఆ చేతిని చూస్తూ నా వేళ్ళు మర్చిపోయేదాన్ని.

అన్నిటికంటే కష్టం నరుకు. పాట వెనక మాండొలిన్ చేసే పని అది. బేస్ రెండు దెబ్బల మధ్య సందులో తీగలన్నీ ఒక్కసారి మీటి, గొడ్డలి దెబ్బలా అక్కడే తెగ్గొట్టాలి. మీటిన మరుక్షణం ఎడంచేతి వేళ్ళు వదులు కావాలి. ఒక్క మనిషికే అలవాటవడానికి ఏళ్ళు పడుతుంది. ఇద్దరం చెయ్యాలంటే ఒకే ఊపిరి పీల్చాలి. చాలా రోజులు కప్ప అరిచినట్టే వచ్చింది. ఒకనాడు మాత్రం ఠక్కుమని పడింది, మళ్ళీ పడింది, మళ్ళీ. ఇద్దరం మాట్లాడకుండా అదొక్కటే కొట్టుకుంటూ కూర్చున్నాం, వెలుతురు పోయేదాకా. ఏ చెయ్యి ఎవరిదో నాకు తెలియకుండా పోయింది. చిటికెనవేలు ఎప్పుడు సాగిందో కూడా తెలియదు. ఒకరోజు పై పాదం ఎక్కి కిందికి దిగాక డోర్సీ "అదీ" అన్నాడు, అంతే.

వాయిస్తున్నప్పుడు మాట్లాడటం మొదలుపెట్టాడు. నా మొహం కనబడదు కాబట్టేమో. వాళ్ళ నాన్న గురించి చెప్పాడు. గొలుసు తెగినప్పుడు చప్పుడు ముందు వినబడిందనీ, అది ఏ స్వరమో కూడా తనకి తెలుసనీ చెప్పాడు. అలాంటివి విన్నప్పుడు నేను వెనక్కి తిరగలేదు, మెట్లకేసే చూస్తూ కూర్చున్నాను. ఎడంచెయ్యి మాత్రం అన్నాళ్ళూ జేబు దాటి రాలేదు.

ఆగస్టు వచ్చింది. పొగాకు తలలు తుంచే పని మొదలయ్యే ముందు శుక్రవారం, నేను మాండొలిన్ పట్టుకుని ఒక్కదాన్నే క్లెల్ షెడ్డుకి వెళ్ళాను. పెళ్ళికూతురంత హడావిడిగా వెళ్ళాను, దాచడం ఎందుకు. లైల్‌ని రావద్దని చెప్పండి, వంతు మా ఇంట్లోనే ఉంటుంది అందామని. నోవా మొహం వెలిగిపోయింది. క్లెల్ గిటారు ఎత్తాడు. నా ఎడంచెయ్యి మెట్ల మీద సర్దుకుంది. కుడిచేత్తో బిళ్ళ పట్టుకున్నాను.

అప్పుడు తెలిసింది. జూన్ నుంచి నా కుడిచెయ్యి తీగ ముట్టుకోలేదు. ఎడమ వేళ్ళు కొండెక్కి దిగుతుంటే కుడిచెయ్యి కట్టెపుల్లలా ఎక్కడ పడితే అక్కడ పొడుస్తోంది. తాళం ఒకచోట, నేనొకచోట. మా ఇద్దరికీ, డోర్సీకైనా నాకైనా, ఇది ఒక్కసారి కూడా తట్టలేదంటే నమ్ముతారా? సగం వాయిద్యం నేర్చుకుని పూర్తిగా వచ్చేసిందనుకున్నాను.

విక్ బాబాయి బాంజో ఒళ్ళో దించుకుని చాలాసేపు నవ్వాడు. "అమ్మాయ్, నీ ఎడంచెయ్యి గొప్పగా తయారైంది. కుడిచెయ్యి ఇంకా వంటింట్లోనే ఉన్నట్టుంది, వెళ్ళి పిలుచుకురా."

క్లెల్ నవ్వలేదు. అదే ఎక్కువ బాధేసింది. చాలా మెత్తగా, లైల్ వస్తాడులే అమ్మా, నువ్వు దిగులు పెట్టుకోకు అన్నాడు.

ఇంటికొచ్చి డోర్సీకి జరిగింది చెప్పాను. నవ్వాడు, తర్వాత నా మొహం చూసి ఆపాడు. పండగకి నువ్వూ రా అన్నాను. నా వెనక కూర్చో, ఇక్కడ వాయించినట్టే అక్కడా వాయిద్దాం. అతను కుర్చీలోంచి లేచాడు.

"ఊరందరి ముందూ నీ వెనక కూర్చుని, ఇదిగో సగం మనిషినని చూపించుకోమంటావా?"

"ఆ లెక్కన నేనూ సగమే. నీకెందుకంత సిగ్గు?"

"నువ్వు నేర్చుకోగలవు. కుడిచెయ్యి అంత గొప్ప విద్యేం కాదు. నా అవసరం నీకు లేదు ఒలీటా." ఆ మాట కోపంగా అన్నా పోయేది. మామూలుగా అన్నాడు, వాన పడేలా ఉంది అన్నట్టు.

ఒళ్ళు మండింది నాకు. సరే చూడు నీ అవసరం లేకుండానే వాయిస్తాను అని మర్నాటినుంచి పొగాకు ఆరబెట్టే పెద్ద కొట్టాంలోకి వెళ్ళాను, అతను చేలో ఉన్నప్పుడు. కిందికీ పైకీ, కిందికీ పైకీ. బిళ్ళ జారి తీగలు దాటి చెక్కని గీరేది. మణికట్టు బిగుసుకుని మోచెయ్యి దాకా సలిపేది. తడిచెయ్యి విదిలించినట్టు అనుకున్నాను, అతని చేతిని కళ్ళ ముందు పెట్టుకున్నాను. వేసవంతా దాన్ని అంత దగ్గర నుంచి చూసింది ఊరికే పోలేదు. నాలుగైదు రోజులకి చెయ్యి వదులైంది. తర్వాత ఒక మధ్యాహ్నం, దూలాల సందుల్లో దుమ్ము బంగారంలా తేలుతుంటే, 'ఉడతల వాగు' మొదట్నుంచి చివరిదాకా నా రెండు చేతుల్లోంచి వచ్చేసింది. అందంగా రాలేదు. మొత్తంగా మాత్రం వచ్చింది.

ఎగిరి గంతెయ్యాల్సినదాన్ని గడ్డి మీద కూలబడ్డాను. పండగలో నేనిలా వాయిస్తే చప్పట్లు కొడతారు. వంతు మా ఇంట్లోనే ఉంటుంది, నిజమే. డోర్సీ మాత్రం ట్రక్కు దగ్గర నిలబడి వింటాడు. నా అవసరం లేదని చెప్పానా అనుకుంటాడు. లైల్ తీసుకున్నా నేను తీసుకున్నా, పోయేది అతని వంతేగా. ఇన్నాళ్ళూ నేను కాపు కాసింది ఎవరి కోసం?

మాండొలిన్ తుడిచి, తెచ్చినదారినే తీసుకెళ్ళి మేకుకి తగిలించాను. ఆ సాయంత్రం ఎప్పటిలా మాండొలిన్ దించి పొగకొట్టులో కూర్చున్నాక, నా కుడిచెయ్యి ఎంతదాకా వచ్చిందని డోర్సీ అడిగాడు. నా వల్ల కావడం లేదన్నాను. ఊఁ అన్నాడు. నా భుజం మీంచి మాండొలిన్‌కేసి కాసేపు చూసి, సరే మొదలుపెట్టు అన్నాడు.

మర్నాడు క్లెల్ దగ్గరికి వెళ్ళి ఒక్కటే కోరాను. డోర్సీ వంతు వచ్చినప్పుడు మాండొలిన్ పట్టుకుని నేను కూర్చుంటాను. రెండు చుట్లు ఆగండి. మూడో చుట్టు లైల్‌కి ఇచ్చెయ్యండి, నేను కిక్కురుమనను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి ఆ ఒప్పందం డోర్సీకి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను గొడ్డలికి పదును పెట్టుకుంటున్నాడు. రాయి ఆపకుండా నూరుతూనే ఉన్నాడు.

పండగ రోజు ఎండ మెత్తగా కాసింది. చర్చి ముంగిట బల్లలు వేసి, వాటి మీద దుప్పట్లు పరిచి, ఒక్కో ఇంటినుంచి తెచ్చినవి పెట్టాం. వేయించిన కోడి, చిక్కుడు గింజల కూర, ఆపిల్ ముక్కల పొరల కేకు. పిల్లలు సమాధుల మధ్య పరుగెడుతుంటే పెద్దవాళ్ళు చచ్చినవాళ్ళ పేర్లు చెప్పి పరుగెత్తద్దని కేకలేస్తున్నారు. డోర్సీ నాతో వచ్చాడు గానీ రోడ్డవతల ట్రక్కుకి ఆనుకుని నిలబడిపోయాడు, చెయ్యి జేబులో. భోజనాలకి కూడా రాలేదు. నోవా పళ్ళెం పట్టుకెళ్ళి ఇస్తే బానెట్ మీద పెట్టుకుని తిన్నాడు.

చెక్కబండి మీద కుర్చీలు వేశారు. లైల్ వచ్చాడు, సన్నగా, మర్యాదగా, పాలుగారే మొహం. నాకు టోపీ తీసి నమస్కారం పెట్టాడు. తిట్టుకుందామన్నా మనసు రాలేదు. క్లెల్ రెండు పాటలు పాడి, తర్వాత 'ఉడతల వాగు' ఎత్తుకున్నాడు. విక్ బాబాయి బాంజో మీద తన వంతు వాయించి, నావైపు తల ఊపాడు.

ఎడంచేతి వేళ్ళు మెట్ల వెనకాల పెట్టాను. బిళ్ళ పట్టుకున్న కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను.

నోవా బేస్ కొట్టుకుంటోంది. గిటారు వెనక నడుస్తోంది. కింద పాదం ఖాళీగా వెళ్ళింది, పై పాదం ఖాళీగా ఎక్కి ఖాళీగా దిగింది. నా ఎడంచేతి వేళ్ళు మాత్రం ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్తూనే ఉన్నాయి, చప్పుడు లేకుండా. జనం మాటలు తగ్గాయి. ఎవరో ముసలావిడ, పాపం ఆ అమ్మాయికి రాదు కాబోలు అంది. నాకు వచ్చు. ఒళ్ళో ఉన్న చెయ్యి లేద్దామని ఎంత గింజుకుందో నాకే తెలుసు.

రెండో చుట్టు మొదలైంది. నేను ట్రక్కు వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్టు ఉంటుంది. మెట్లకేసి చూస్తూ కింద పాదం దాటాను. పై పాదంలో ఉండగా లైల్ తన మాండొలిన్ సర్దుకోవడం కంటికొసకి కనబడింది. క్లెల్ నిట్టూర్చాడు. విక్ బాబాయి ఆగమన్నట్టు గడ్డం ఎత్తాడు, ఆయన చూపు నా మీద లేదు, నా వెనక ఉంది.

బండి పలకలు కిర్రుమన్నాయి. నా వెనక కుర్చీ జరిగింది. పొగాకాకు వాసన. కుడిచెయ్యి నా చుట్టూ ముందుకొచ్చి, నా ఒళ్ళో పిడికిలి విప్పి బిళ్ళ తీసుకుంది. ముందుకి వంగడానికి అతనికి ఆసరా కావాలి. పొగకొట్టులో అయితే భుజం ఆన్చడానికి గోడ ఉండేది. ఇక్కడ లేదు. జేబులోంచి ఎడంచెయ్యి తీసి నా భుజం మీద పెట్టాడు.

మూడు వేళ్ళూ బిర్రుగా, నా మెడ పక్కన. ఊరందరి ముందూ. పైకి చూసినవాళ్ళందరికీ కనబడుతుంది. దాని బరువు నాకు గుర్తే. మార్చి నుంచి మర్చిపోలేదు.

మూడో చుట్టు మొదలైంది, 'ఉడతల వాగు' వాయించాం. బాగా వాయించామా అంటే, పై పాదంలో ఒకచోట నేను తడబడ్డాను, అతను ఆగి నన్ను కలుపుకున్నాడు. వంతు తనదనుకుని వచ్చిన లైల్, ఎవరూ చెప్పకుండానే వెనక్కి తగ్గి మాకు నరుకు అందించాడు, శుభ్రంగా, ఎక్కడా మించకుండా. మేం అయ్యాక తల ఊపి వాడికే ఇచ్చాడు డోర్సీ. వాడు వాయిస్తే నిజంగానే వాన కురిసినట్టుంది. నోవా బేస్ వదలకుండానే భుజంతో కళ్ళు తుడుచుకుంటోంది.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కు నేను నడిపాను. డోర్సీ మాండొలిన్ ఒళ్ళో పెట్టుకుని కిటికీ వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. వాగు వంతెన దాటాక బొటనవేలితో తీగల కింద చెక్క మీద రాశాడు.

"ఇక్కడ కొత్త గీతలు పడ్డాయి," అన్నాడు. "నా చెయ్యి ఇంత కిందికి రాదు."

రోడ్డు మీదినుంచి కళ్ళు తిప్పకుండా ఎప్పుడు చూశావని అడిగాను. రావడం లేదని నువ్వు చెప్పిన సాయంత్రమే అన్నాడు.

"తెలిసీ మరి ఎందుకొచ్చావు?"

మాండొలిన్ బోర్లించి ఒళ్ళో పెట్టుకున్నాడు. లోయలోకి మంచు దిగుతోంది, మా చేను దాని అడుగున మునిగిపోయింది.

"వాయించడం వచ్చిన చెయ్యిని అలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు," అన్నాడు చివరికి. "మొదటి చుట్టు పంతం అనుకున్నా. రెండో చుట్టుకి, ఇంక అక్కడ నిలబడలేకపోయాను."

ఇల్లు చేరాక నేను కోళ్ళని మూసి లోపలికి వచ్చేసరికి సుత్తి చప్పుడు వినబడింది. వంటింటి గుమ్మం పక్కన, గోడకి కొత్త మేకు కొడుతున్నాడు. బిర్రుగా ఉన్న ఆ వేళ్ళ మధ్య మేకు ఇరికించి పట్టుకున్నాడు, అది అంగుళం కూడా కదలడం లేదు. దీనికైతే పనికొస్తున్నాయే ఇవి అన్నాడు, నావైపు చూడకుండా. మాండొలిన్ తగిలించి పక్కకి జరిగాడు. పీట అక్కర్లేకుండా, నా భుజం ఎత్తులో ఉంది అది.